ఒకే మందు, రెండు రూపాలు

2021 మే నెలాఖరున ఒక రాత్రి నిర్మల్‌లోని మా ఇంటికి ఫోను వచ్చింది. నాకు పరిచయమున్న ఒక రైతు కుమారుడు హైదరాబాదులోని ఆసుపత్రి నుండి మాట్లాడుతున్నాడు. తండ్రికి చాలాకాలంగా మధుమేహం. కోవిడ్ తగ్గిన పది రోజులకు ఎడమ చెంప మొద్దుబారి, కన్ను వాచింది. బ్లాక్ ఫంగస్ అని తేలింది.

"సారూ, మా బాపుకు లైపోసోమల్ ఇంజక్షన్ దొరుకుత లేదు. మామూలుది పెడ్తమంటున్నరు. అది కిడ్నీలు ఖరాబు చేస్తదట గద! రెండు దినాలు ఆగుమంటరా?"

ఆ రోజుల్లో రాష్ట్రమంతటా ఇదే కరువు. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి రోగులతో నిండిపోయింది.

రెండింటిలోనూ ఉన్నది ఆంఫోటెరిసిన్ బి అనే ఒకే మందు. 1950లలో వెనిజులా మట్టిలోని సూక్ష్మజీవి నుండి దీనిని వేరు చేశారు. శిలీంధ్రపు కణపొరలోని ఎర్గోస్టెరాల్‌ను పట్టుకొని ఆ పొరను ఛిద్రం చేస్తుంది. మన కణాలలోని కొలెస్టెరాల్ దానికి దగ్గరి చుట్టమే. మూత్రపిండాలు దెబ్బతినడానికి అది ఒక కారణం. ఇది నీటిలో కరగదు కనుక పాత రూపంలో పిత్త లవణంతో కలిపారు. కొత్త రూపంలో అతి సూక్ష్మమైన కొవ్వు గోళాలలో ఇమిడ్చారు.

ఈ తేడాను మొదట చెప్పినవి చిట్టెలుకలు. పాత రూపం కిలో బరువుకు రెండు మూడు మిల్లీగ్రాములు రక్తంలోకి ఎక్కిస్తేనే అవి చనిపోయేవి; గోళాలలోని మందును అంతకు ఎన్నో రెట్లు తట్టుకున్నాయి. 2003లో అమెరికా పరిశోధకులు మధుమేహం ముదిరిన ఎలుకలకు ఈ జాతి ఫంగస్‌నే సోకించి పోల్చారు. లైపోసోమల్ పొందినవాటిలో బ్రతికినవి దాదాపు రెట్టింపు. అయితే పాత మందు రోజుకు కిలోకు ఒక మిల్లీగ్రాము, కొత్తది పదిహేను ఇచ్చారు. ఈ సంగతి పత్రికలవారు రాయరు! గోళంలో చేరినంత మాత్రాన మందుకు కొత్త బలం రాలేదు. ఎక్కువగా ఇవ్వగలిగే వీలు వచ్చింది, అంతే. మనుషులకు సాధారణంగా పాతది కిలోకు ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు. కొత్తది ఐదు, అవసరమైతే పది.

హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు ఆ పసుపుపచ్చని పాత మందును నేనే ఎక్కించాను. డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్‌లో విరిగిపోతుంది. గంటలోపే మంచం కదిలేంత వణుకు, జ్వరం. రోగి నన్ను శత్రువును చూసినట్లు చూసేవాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే ఫోనులో వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కానీ ఈ ఫంగస్ రక్తనాళాలలోకి దూరి, గంటగంటకూ కణజాలాన్ని చంపుతుంది. "ఆగవద్దు నాయనా. ఈ రాత్రే మొదలుపెట్టమను. ముందుగా సెలైన్ ఎక్కిస్తారు. క్రియాటినిన్, పొటాషియం తరచుగా చూడమని అడుగు. చచ్చిన కండను తీసేయాలంటే ఒప్పుకో, మందు ఒక్కటే చాలదు" అన్నాను.

ఆరు రోజులు పాత మందు పెట్టారు. క్రియాటినిన్ 2.4కు చేరింది. అప్పటికి లైపోసోమల్ దొరికింది, మార్చారు. ఎడమ కన్ను మాత్రం తీసేయవలసి వచ్చింది.

ఆయన ఇప్పటికీ రక్తపరీక్ష కాగితం పట్టుకొని మా ఇంటికి వస్తారు. మొన్న క్రియాటినిన్ 1.3. షుగరు మాత్రం 240. కాగితం చూసి నేను కళ్లద్దాలు తీయగానే, "తిట్టకు సారూ, పండుగకు వచ్చిన బిడ్డ అరిసెలు చేసింది" అన్నారు.