మాట అందని పెట్టె



పోయిన నెల ఒక పొక్లెయిన్ పక్కన నిలబడి మేము నేర్చుకున్న సంగతి ఈ వారం మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాము.

మన సహోదరుడొకాయన ఫైనాన్సు మీద సెకండ్ హ్యాండ్ పొక్లెయిన్ కొన్నారని మీలో చాలామందికి తెలుసు. విడవలూరు వైపు రొయ్యల గుంటలు తవ్వడం, కట్టలు సరిచేయడం దాని పని. బాగా నడుస్తున్న బండి ఒక ఉదయం మొండికేసింది. ఇంజిన్ ఆడుతోంది గానీ రైజు కావడం లేదు, బకెట్ ఈడ్చుకుంటూ కదులుతోంది. క్యాబిన్‌లో స్క్రీను మీద, ఇంజిన్ కంట్రోలర్‌తో సంబంధం లేదని కోడు. వచ్చిన మెకానిక్ ఆ కోడు చూసి, "కంట్రోలర్ పోయింది, మార్చాల్సిందే" అన్నాడు. పాత కంట్రోలర్‌కే ఆయన చెప్పిన రేటు రెండు నెలల కిస్తుల కంటే ఎక్కువ.

"ఇంట్లో ఆమె మెడలోది తాకట్టు పెట్టి తెస్తాను అయ్యగారూ, ప్రార్థన చేయండి" అని ఆ సహోదరుడు ఫోన్ చేశారు. పాస్టరమ్మా మేమూ కోవూరు నుంచి బయలుదేరి ఆ గట్టు మీదికే వెళ్లి ప్రార్థన చేశాము. అప్పటికే ఎవరో చెప్పగా నెల్లూరు నుంచి ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, చిన్న మీటరు పట్టుకొని వచ్చి ఉన్నారు. ఆయన పని చేస్తూ మాకు విడమరచి చెప్పారు.

ఇప్పటి బండ్లలో ఇంజిన్ కంట్రోలర్, పంపు కంట్రోలర్, స్క్రీను ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. దానికి ఒకదానికొకటి పురిపెట్టిన రెండే వైర్లు. ఈ పద్ధతి పేరు క్యాన్. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ కార్ల కోసం తయారుచేసి 1986లో లోకానికి చూపించింది. ఆ లైనుకు రెండు చివరలా 120 ఓమ్స్ రెసిస్టర్ ఒక్కొక్కటి ఉంటుంది. అది లేకపోతే సిగ్నలు చివర తగిలి వెనక్కి తిరిగి వస్తుంది. ఖాళీ హాలులో మన మాట గోడకు తగిలి మళ్లీ మనకే వినపడి కలగాపులగం అయిపోతుంది చూడండి, అలాగన్నమాట.

ఆయన ముందు బ్యాటరీ చూశారు. 24 వోల్టుల బండి ఇది. బ్యాటరీ దిగిపోయినా, ఎర్తు వదులైనా ఇలాంటి దొంగ కోడులు వస్తాయట. అది బాగానే ఉంది. తరువాత కరెంటు పూర్తిగా ఆపేసి, చెకింగ్ సాకెట్‌లో ఆ రెండు వైర్ల మధ్య మీటరు పెట్టారు. రెండు 120లు పక్కపక్కన ఉంటే 60 చూపాలి. 40 చూపితే ఎవరో మూడో రెసిస్టర్ కలిపినట్టు. పాత బండ్లకు తరువాత తగిలించిన ట్రాకర్ల వల్ల ఒక్కోసారి ఇలా అవుతుందట. సున్నా దగ్గరుంటే రెండు వైర్లు ఒకదానికొకటి తగులుతున్నట్టు. కొన్ని బండ్లలో ఇలాంటి లైన్లు ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి కాబట్టి, ఆ బండి వైరింగ్ బొమ్మ దగ్గర పెట్టుకోకుండా తొందరపడకూడదని కూడా చెప్పారు.

ఆ రోజు మీటరు 120 చూపింది.

"ఒక చివర అందట్లేదు అయ్యగారూ" అన్నారు. మీటరు అలాగే ఉంచి, వైర్ల కట్టను అంగుళం అంగుళం కదిలించుకుంటూ పోయారు. సీటు వెనక ఒక కనెక్టర్ దగ్గర ముల్లు ఒక్కసారి 60కి దూకి మళ్లీ 120కి వచ్చింది. విప్పి చూస్తే పిన్నుల మీద పచ్చగా చిలుము, ఒక పిన్ను వెనక్కి జారిపోయి ఉంది. ఉప్పుగాలి, తేమ చేసిన పని. శుభ్రం చేసి, కొత్త పిన్ను వేసి బిగించారు. మీటరు 60 చూపింది. తాళం తిప్పగానే బండి ఎప్పటిలా రైజయింది. మార్చేయాలన్న పెట్టెకు ఏమీ కాలేదు. దాని మాట ఇవతలికి రాలేదు, అంతే.

సహోదరుడు కన్నీళ్లతో దేవుని స్తుతించారు. ఆ పెద్దాయన సామాను సర్దుకుంటూ, "ఎవరి మాట వినపడలేదో కోడు చెప్తది అయ్యగారూ. తప్పెవరిదో చెప్పదు. అది మనం ఎతుక్కోవాల" అన్నారు.

ఆ మాట మా గుండెలో గుచ్చుకుంది. మన సంఘంలో ఒక సహోదరి నాలుగు నెలలుగా ఆరాధనకు రావడం లేదు. విశ్వాసంలో చల్లారిపోయిందని మేము మనసులో కోడు రాసేసుకున్నాము. ఆమె చూసే సండే స్కూలు పని ఇంకొకరికి అప్పగించాము. అంటే పెట్టె మార్చేశాము. ఒక్కసారి కూడా ఆమె గడప తొక్కలేదు.

1 సమూయేలు మొదటి అధ్యాయంలో ఏలీ యాజకుడు చేసిందీ ఇదే కదా! హన్నా పెదవులు కదలడం చూశాడు, స్వరం వినపడలేదు. మత్తులో ఉందని తీర్పు తీర్చేశాడు. కన్నీటితో ప్రార్థించే స్త్రీని, అదీ మందిరంలో, కాపరియే తప్పుగా అర్థం చేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా ఇద్దరం నేరుగా ఆ సహోదరి ఇంటికి వెళ్లాము. చాలాసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు. తరువాత మెల్లగా చెప్పింది. మామగారు ఆసుపత్రిలో ఉన్న రాత్రి మాకు రెండుసార్లు ఫోన్ చేసిందట. మేము ఎత్తలేదు. మరునాడు చూసుకొని కూడా తిరిగి చేయలేదు. చిలుము పట్టింది మా వైపు పిన్నుకే. క్షమించమని అడిగాము. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాము.

మరుసటి ఆదివారం ఆమె రాలేదు. కానీ బుధవారం కుటుంబ ప్రార్థన తన ఇంట్లో పెట్టమని కబురు పంపింది. దేవునికి స్తోత్రం.

మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు తప్పిపోయిన గొఱ్ఱె సంగతి చెప్పిన వెంటనే, సహోదరుని దగ్గరికి నువ్వే, ఒంటరిగా వెళ్లమన్నాడు. నలుగురిలో మాట్లాడటం ఆ తరువాతి సంగతి. ప్రియులారా, ఈ వారం మీకు మాట వినపడని వారు ఒకరు గుర్తొస్తే, వారి గురించి తీర్మానం చేయకముందు వారి ఇంటికి వెళ్లండి. ముందు మీ వైపు పిన్ను చూసుకోండి.

ప్రార్థన: తండ్రీ, వినకుండానే తీర్పు తీర్చిన మమ్మును క్షమించుము. మౌనంగా ఉన్నవారి దగ్గరికి నడిచే కాళ్లు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.