కట్లపాము కాటు, వెంటిలేటరు, "ఎప్పుడు తీస్తారు మేడం?"

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా మన దివిసీమ వాళ్ళు.

మేము నాగాయలంక వైపు యానాది కాలనీ పిల్లలం. అన్నదమ్ముల పిల్లలం ముగ్గురం. ఒకరు గుడివాడలో డిగ్రీ, ఒకరు అవనిగడ్డలో ఇంటరు, ఒకరు బందరులో నర్సింగు. మా పెద్దోళ్ళు వరిచేలల్లో ఎలకబుట్టలు పెడతారు, రొయ్యల చెరువులకి కాపలా ఉంటారు. ఎలక ఉన్నచోటికి పాము వస్తది, ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎంత ఎక్కువైనయంటే, ప్రభుత్వమే మోపిదేవి గుడిలో సర్పశాంతి యాగం చేయించింది.

పోయిన వానాకాలం మా బాబాయిని చెరువుగట్టు మీద పాకలో నిద్రలో కట్లపాము కరిచింది. నేల మీద పడుకున్నాడు. నొప్పి లేదు, వాపు లేదు, గాటు కూడా సరిగ్గా కనపడలా. కట్లపాము కాటు చాలాసార్లు ఇట్టాగే ఉంటది. తెల్లారుజామున కడుపునొప్పి అన్నాడు. తర్వాత రెప్పలు వాలిపోయినయి, మాట ముద్దముద్దగా వచ్చింది. బందరు చేరేసరికి ఊపిరి అందట్లేదు. గొట్టం వేసి వెంటిలేటరు పెట్టారు.

రెండో రోజుకి బాబాయి శవంలా ఉన్నాడు. కంట్లో లైటు వేసినా కనుపాప కదల్లేదు. మంచం చుట్టూ చేరిన చుట్టాలు "ప్రాణం ఎప్పుడో పోయింది, మిషనే ఊపిరాడిస్తంది, ఇంటికి తీసుకుపోదాం" అన్నారు. ఒక మావయ్య అయితే బండి కూడా మాట్లాడాడు. పిన్ని సంతకం పెట్టడానికి లేచింది.

డ్యూటీ డాక్టరమ్మ ఆపింది. "అమ్మా, ఇది మెదడు చచ్చిపోవడం కాదు. విషం పట్టుకుంది నరం కండకి కలిసే చోటుని. ఈయన మీ మాటలు వింటా ఉండొచ్చు" అంది.

యాంటీవీనం రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటది గానీ, అప్పటికే పాడైన నరాల కొసల్ని బాగుచెయ్యలేదు. (ఆ మందు తయారీకి పాముల విషం తీసిచ్చేది ఎవరనుకున్నారు? చెన్నై దగ్గర 1978లో పెట్టుకున్న ఇరుల గిరిజనుల సహకార సంఘం. 2023లో ఇద్దరు ఇరుల పాములవాళ్ళకి పద్మశ్రీ వచ్చింది.) కొసలు మళ్ళీ మొలవాలి. దానికి రోజులు పడతది, ఒక్కోసారి వారం దాటుతది. అందాకా ఊపిరి మిషన్ది.

మరి ఎప్పుడు తీస్తారు? తొందరపడి తీస్తే మళ్ళీ గొట్టం వెయ్యాల్సి రావొచ్చు, అది ప్రాణానికి ముప్పు. ఆలస్యం చేస్తే న్యుమోనియా పట్టుకుంటది, పని లేక ఊపిరి కండలు కూడా నీరసిస్తయి. 1991లో యాంగ్, టోబిన్ అనే డాక్టర్లు దీనికి ఒక లెక్క చెప్పారు, మన ఐదో తరగతి భాగహారమే. రోగి సొంతంగా నిమిషానికి తీసే ఊపిర్ల సంఖ్యని, ఒక్కో ఊపిరికి ఎన్ని లీటర్ల గాలి పోతందో దాంతో భాగించాలి. 105 దాటితే మనిషి ఎగశ్వాస తీస్తన్నట్టు, ఇంకా ఆగాలి. 35 ఊపిర్లు, పావు లీటరు అయితే 140. 20 ఊపిర్లు, 0.4 లీటరు అయితే 50.

నాలుగో రోజు కాలి బొటనవేలు కదిలింది. చూసింది పిన్ని, మిషను కాదు. ఆరో రోజు అరగంట సేపు, గొట్టం ఉండగానే సొంతంగా ఊపిరి తీయించారు. 22 ఊపిర్లు, 0.35 లీటరు. మేము సెల్లులో కొట్టి చూశాం, 63. తీసేస్తారని సంబరపడ్డాం. డాక్టరమ్మ ఒప్పుకోలా. ఆ లెక్క ఛాతీ సంగతి చెప్తది గానీ గొంతు సంగతి చెప్పదంట. ఉమ్ము మింగగలగాలి, గట్టిగా దగ్గగలగాలి, తల దిండు మీంచి లేపి అయిదు సెకన్లు ఆపగలగాలి. బాబాయి తల రెండు సెకన్లకే పడిపోయింది. ఏడో రోజు ఆపాడు. తీసేశారు.

మర్నాడు గొంతు పెగిలాక పిన్నిని అడిగిన మొదటి మాట: "బండి మాట్లాడింది ఎవరే?"

ఇప్పుడు గొట్టం ఎప్పుడు తీయొచ్చో కంప్యూటరు చేత చెప్పించే పని నడుస్తంది. అట్టాంటి పరిశోధనల్లో చాలావాటికి ఆధారం బోస్టన్‌లోని ఒక ఆసుపత్రి ఐసీయూ రికార్డులు. బోస్టన్‌లో కట్లపాములు తిరగవు కదా. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సంగతీ ఉంది. నల్లజాతి రోగుల్లో అది లోటుని దాచిపెట్టడం తెల్లవాళ్ళలో కంటే దాదాపు మూడింతలు ఎక్కువని 2020లో అమెరికాలో తేలింది. మన చర్మం రంగు మనకి తెలుసు. మనలో వైద్యం, కంప్యూటరు చదివేవాళ్ళు ఈ పనిలోకి రావాలని మా ఆశ, మన ఊపిర్లు కూడా ఆ లెక్కల్లోకి ఎక్కాలి.

అప్పటిదాకా మన కాలనీల్లో ఎవరికైనా ఇట్టా జరిగితే, ముందు 108కి ఫోన్ చెయ్యండి. ఐసీయూలో "బతుకుతాడా?" అని ఒక్కటే అడగొద్దు. "ఇవాళ సొంత ఊపిరి పరీక్ష పెట్టారా? ఎంతసేపు ఆగాడు? తల ఎత్తుతున్నాడా?" అని రోజూ అడగండి. మంచం దగ్గర మాట్లాడేటప్పుడు ఆయన వింటన్నాడనే అనుకుని మాట్లాడండి. ఇంట్లో నేల మీద పడుకునేవాళ్ళకి దోమతెర కట్టి, అంచులు చాప కింద దోపండి. కట్లపాము తిరిగేది రాత్రిపూటే.