సాయిబుల పిల్లకి నర్సింగ్ సీటు

మా ఇళ్లల్లో ఆడపిల్ల టీచరైతే ‘ఉస్తానీ’ అని మర్యాదగా పిలుస్తారు. డాక్టరైతే వీధి వీధంతా మిఠాయి పంచుతారు. నర్సయితే మాత్రం ముందు ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. ఆ నిమిషంలో ఏముంటుందో నాకు తెలుసు. రాత్రి డ్యూటీ ఉంటుంది. పరాయి మగాడి ఒళ్లు తుడవడం ఉంటుంది. బెడ్‌పాన్ ఎత్తడం ఉంటుంది. ఇవన్నీ పైకి చెప్పుకునేవి. చెప్పుకోనిది ఇంకొకటుంది. అది మాలపల్లె పిల్లలు చేసే పని కదా అన్నది. ఇస్లాంలో కులం లేదని జుమా రోజు విని, శనివారం పొద్దున్నే ఆ మాట అనుకోగల వాళ్లం మనం.

ఆ పిల్లలకి ఎంత రుణపడి ఉన్నామో ఎవరైనా లెక్క రాస్తే బాగుండు. గుంటూరులో అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ డాక్టరమ్మ 1898లో ఆస్పత్రి తెరిచింది. వెల్లూరులో ఇడా స్కడర్ 1909లో నర్సింగ్ స్కూలు పెట్టింది. పై కులాల వాళ్లు రక్తం, చీము ముట్టుకోమన్న రోజుల్లో మిషన్ ఆస్పత్రుల వార్డుల్లో నిలబడింది ఎక్కువగా క్రైస్తవం పుచ్చుకున్న దళిత కుటుంబాల ఆడపిల్లలే. మన నాన్నమ్మల పురుళ్లు పోసింది వాళ్లే. ఇవాళ్టికీ నర్సుని ‘సిస్టర్’ అంటారు. నన్నూ అంటారు. పేరు అడిగేవాళ్లు తక్కువ. అడిగి, ‘షేక్’ అని వినగానే, “అయ్యో, నువ్వు కిరస్తానీ పిల్లవనుకున్నానే” అన్న ముసలమ్మలు నా సర్వీసులో చాలామంది.

విశాఖపట్నంలో ఆడవాళ్ల విక్టోరియా ఆస్పత్రిని జనం ఘోషాసుపత్రి అంటారు. మద్రాసు ట్రిప్లికేన్‌లోనూ ఒక గోషా ఆస్పత్రి ఉంది. పరదా పాటించే ఆడవాళ్లు మగ డాక్టర్ల ముందుకి రారని, వాళ్ల కోసం ప్రత్యేకంగా కట్టినవి. అంటే రోగులుగా మన పేరు ఆస్పత్రికే పెట్టేశారు. సేవ చేసే వాళ్ల జాబితాలో మాత్రం మన పేరు వెతుక్కోవాల్సి వచ్చింది.

మా జమాత్ పెద్ద ఒకాయన ఒకసారి మా అబ్బాతో, “నర్సు పని మన మజహబ్‌లో లేదు భాయ్” అన్నాడు. రుఫైదా అల్ అస్లమియా పేరు ఆయన వినలేదు. అప్పటికి నేనూ వినలేదు లెండి. మదీనాలో మసీదు దగ్గర గుడారం వేసి గాయపడ్డ వాళ్లకి కట్లు కట్టిన స్త్రీ ఆమె. ఖందక్ యుద్ధంలో బాణం దెబ్బ తిన్న సాద్ బిన్ ముఆజ్‌ని ప్రవక్త ఆమె గుడారంలోనే ఉంచమన్నారు. ఢిల్లీ జామియా హమ్‌దర్ద్‌లో నర్సింగ్ కాలేజీకి ఆమె పేరే పెట్టారు. ఇప్పుడా పెద్దాయన లేడు. ఉంటే చెప్పేదాన్ని.

నేను 1991లో చేరాను. అప్పుడు జనరల్ నర్సింగ్ మూడేళ్లు, ఆ పైన మిడ్‌వైఫరీ ఆరు నెలలు. ప్రభుత్వ స్కూలు కాబట్టి స్టయిఫండ్ ఇచ్చేవాళ్లు. అది లేకపోతే లారీలకి గ్రీజు కొట్టే మనిషి కూతురు హాస్టల్లో ఉండి చదవడం జరిగే పని కాదు. 1992 డిసెంబరు ఏడో తారీఖు రాత్రి నాకు సర్జికల్ వార్డులో డ్యూటీ. వార్డులో ఒక పేషెంటు చెవి దగ్గర రేడియో పెట్టుకుని ఉన్నాడు. మసీదు గురించి వింటున్నాడు. నేను అతని డ్రెస్సింగ్ మార్చాలి. మార్చాను. అతను రేడియో తగ్గించలేదు, నా పేరూ అడగలేదు. నా పక్కన ఉన్న సీనియర్ అమ్మాయి, చర్చి కాంపౌండులో పెరిగిన పిల్ల, ఆ రాత్రంతా నన్ను ఒంటరిగా టాయిలెట్‌కి కూడా పంపలేదు. మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా ఆపా చిన్న కూతురు ఇంటర్ బైపీసీ పాసై, “ఖాలా, నేను నీలాగే నర్సింగ్ చేస్తా” అంది. మా ఇంట్లో ఈసారి ఆ నిమిషం మౌనం రాలేదు. కారణం మనసులు మారడం కాదు. మా బంధువుల్లో ఒకమ్మాయి సౌదీలో స్టాఫ్ నర్సుగా చేస్తోంది. రియాల్ వాసన తగిలాక నర్సు పిల్లకి సంబంధాలు వెతుక్కుంటూ వస్తున్నాయి. జోడా డబ్బు అడగడం కూడా తగ్గించారు. నెలనెలా వచ్చే జోడా కదా ఇది!

మౌనం పోయింది గానీ మోసం వచ్చింది. దులాభాయ్ దగ్గరికి ఒక ఏజెంటు వచ్చాడు. పొరుగు రాష్ట్రంలో కాలేజీ అట. “క్లాసులకి రానక్కర్లేదు సాయిబుగారూ. పరీక్షలప్పుడు వస్తే చాలు. మీ వాళ్లకి ఇదే సౌకర్యం. పిల్ల గడప దాటకుండా నర్సయిపోతుంది” అన్నాడు.

మన పరదాని కూడా సరుకు చేసి మనకే అమ్ముతున్నారు చూడండి. గడప దాటకుండా నర్సు ఎట్లా అవుతుంది? ఇన్సులిన్ సీసాల్లో 40 యూనిట్లది ఉంటుంది, 100 యూనిట్లది ఉంటుంది. సిరంజిలూ వేరు, మూతల రంగులూ వేరు. 100 యూనిట్ల మందుని 40 సిరంజిలోకి గీత చూసి తీస్తే, రోగి ఒంట్లోకి రెండున్నర రెట్లు పోతుంది. ఇది పుస్తకంలో ఒక వాక్యం. వార్డులో అయితే తెల్లారుజామున చెమటలు పట్టి స్పృహ తప్పిన మనిషి. ఒక్కసారి చూసిన పిల్ల జన్మలో మూత రంగు చూడకుండా సూది ఎత్తదు. ఇంట్లో కూచుని సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లకి ఆ భయం ఎవరు నేర్పుతారు?

“దులాభాయ్, ఆ డబ్బుతో పిల్లకి బంగారం కొనిపెట్టండి, ఎవరి ప్రాణమూ పోదు” అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. రెండు రోజులు మా ఇంటికి రాలేదు. మూడో రోజు వచ్చి, “సరే, నువ్వే చూడమ్మా” అన్నాడు.

చూడటం మొదలుపెడితే, ముందు పేర్ల గందరగోళం తీర్చాల్సి వచ్చింది. మన వాళ్లకి తెల్లబట్ట కట్టిన ప్రతి పిల్లా నర్సే. ఏఎన్ఎం రెండేళ్లు. పల్లెల్లో సబ్ సెంటర్లలో టీకాలు, గర్భిణీల పని వాళ్లది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు చాలామందికి ఉద్యోగాలొచ్చాయి. ఇంటర్ ఒకేషనల్‌లో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు చదివిన వాళ్లు కూడా ఆ ఉద్యోగాలకి వెళ్లొచ్చు, కాకపోతే ఆ పైన ఒక ఏడాది ఆస్పత్రిలో క్లినికల్ ట్రైనింగ్ చెయ్యాలి. ఆ ఏడాది సంగతి చాలా కాలేజీలు చేరేటప్పుడు చెప్పవు. జీఎన్ఎం మూడేళ్లు. స్టాఫ్ నర్సు కావాలంటే అది గానీ, నాలుగేళ్ల బీఎస్సీ గానీ చెయ్యాలి. గల్ఫ్‌లో నర్సు ఉద్యోగానికి ఏఎన్ఎం చాలదు. ఇక ఆర్నెల్ల ‘నర్సింగ్ అసిస్టెంట్’, ‘హోం నర్స్’ బోర్డులు బజారు నిండా ఉన్నాయి. వాటితో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేని నర్సు, లైసెన్సు లేని డ్రైవరు ఒకటే. 1947 నాటి చట్టం కింద ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏర్పడింది, 2023లో దాని స్థానంలో కమిషన్ కోసం కొత్త చట్టం చేశారు. చట్టం ఏదైనా, మనం అడగాల్సిన ప్రశ్న మారదు: ఇక్కడ చదివితే కౌన్సిల్లో పేరు ఎక్కుతుందా?

జీఎన్ఎంకి పదిహేడేళ్లు నిండాలి, ఇంటర్‌లో నలభై శాతం ఉండాలి. ఏ గ్రూపు వాళ్లయినా చేరొచ్చు. కన్వీనర్ సీట్లకి ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తుంది, మార్కుల ప్రకారం జాబితా వేస్తుంది. పిల్ల మార్కులు మధ్యరకం. బీసీ-ఇ సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసుకి వెళ్లాం. అక్కడ గుమస్తా, “తురకోళ్లకి కులమేందమ్మా?” అన్నాడు. ఆ ప్రశ్నకి 2007లో చట్టం జవాబు చెప్పింది. పద్నాలుగు ముస్లిం గుంపులకి నాలుగు శాతం. 2010లో హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. షేకులం కాబట్టి మాకు వర్తించింది. మా వీధి చివరి పఠాన్ల పిల్లకి వర్తించదు. వాళ్ల నాన్న సైకిల్ మీద ఐసు అమ్ముతాడు, మా దులాభాయ్‌కి కనీసం సొంత షాపుంది. దూదేకుల వాళ్లు ఎప్పట్నుంచో బీసీ-బీలో ఉన్నారు. ఆ పఠాన్ల పిల్ల మా పిల్లతో పాటే సర్టిఫికెట్ కోసం వచ్చి, బయట వేపచెట్టు కింద నిలబడి, ఒట్టి చేతులతో వెళ్లింది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

తర్వాత కాలేజీలు చూడ్డానికి బయల్దేరాం. హైవే మీద నాలుగంతస్తుల అద్దాల బిల్డింగు ఒకటి. పేరు చెప్పను. ‘వంద పడకల సొంత ఆస్పత్రి’ అని బోర్డు. జీఎన్ఎం స్కూలుకి వంద పడకల ఆస్పత్రి ఉండాలి, ముగ్గురు రోగులకి ఒక విద్యార్థి చొప్పున లెక్క రావాలి. కాబట్టి బోర్డు పెట్టక తప్పదు. నేను పదకొండు గంటలకి వెళ్లాను, కావాలనే. రౌండ్లు అయ్యి మందులు ఇచ్చే వేళ అది. వార్డులో మంచాలున్నాయి, దుప్పట్లున్నాయి. దుప్పట్ల మీద మడత చెదరలేదు. వంద మంచాలకి రోగులు ముగ్గురు. వాళ్లలో ఒకతను పండు తింటూ నవ్వుతున్నాడు, వాచ్‌మన్ బావమరిదట. ఇన్‌స్పెక్షన్ రోజు ఊళ్లోంచి జనాన్ని తెచ్చి పడుకోబెడతారని టీకొట్టు అబ్బాయి చెప్పాడు. స్కిల్స్ ల్యాబులో ప్లాస్టిక్ బొమ్మకి పాలిథిన్ కవరు ఇంకా తియ్యలేదు.

ఇంకోటి పాత ఊళ్లో ట్రస్టు ఆస్పత్రి. గేటు దగ్గరే ఫినాయిల్ వాసన, ఆటోల గోల, వరండాలో కూడా రోగులు. బిల్డింగు చూసి దులాభాయ్ మొహం చిన్నబుచ్చుకున్నాడు. నేను మాత్రం లేబర్ రూం వైపు నడిచాను. ప్రిన్సిపాల్ లేనప్పుడు మూడో ఏడు అమ్మాయిని పట్టుకుని కేసు బుక్కు చూపించమన్నాను. జీఎన్ఎం పిల్ల ఇరవై కాన్పులు తన చేత్తో చెయ్యాలి. బుక్కులో ఇరవై రాసి ఉండటం గొప్ప కాదు, ఎక్కడైనా ఉంటాయి. ఒకే పెన్నుతో, ఒకే రోజు రాసినట్టుంటే అది కథ. ఆ అమ్మాయి బుక్కులో సిరాలు వేరు, సంతకాలు వేరు, ఒక పేజీ మీద మరక కూడా ఉంది. “మొదటి కాన్పు ఎప్పుడు చేశావు?” అంటే ఊరి పేరుతో సహా చెప్పింది.

అంతా బాగుందని కాదు. “రాత్రి మీ పైన ఎవరుంటారు?” అంటే, “రెండు వార్డులకి స్టాఫ్ ఒక్కరే అక్కా, మిగతా మేమే” అంది. ఇది రెండో రకం మోసం. రోగులు లేని కాలేజీ చదువు చెప్పదు. రోగులు నిండిన కాలేజీ చదువు పేరుతో జీతం లేని నర్సులతో ఆస్పత్రి నడిపిస్తుంది. నేను రెండోదాన్నే ఎంచుతాను. చెయ్యి నేర్చుకుంటుంది కాబట్టి. కానీ ఆ మాట ప్రిన్సిపాల్ మొహం మీదే అన్నాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎన్నాళ్లు ఉంచుకుంటారనీ అడిగాను. “ఎవరండీ మీరు?” అంది. “నర్సుని” అన్నాను.

ఆఖరి ప్రశ్న పిల్లే అడిగింది, హిజాబ్ గురించి. తల మీద తెల్ల గుడ్డ బిగించి కట్టుకోవచ్చని, చున్నీ కొసలు వేలాడకూడదని ప్రిన్సిపాల్ చెప్పింది. పొడుగు చేతులు మాత్రం కుదరవంది. 2022లో కర్ణాటక గొడవ, సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పడం చూశాక, ఆ జవాబు మాకు చాలా మర్యాదగా తోచింది. చేతుల సంగతిలో నేను ప్రిన్సిపాల్ పక్షమే. మోచేతి దాకా కడుక్కోని చెయ్యి పుండు ముట్టుకోకూడదు, అది మతం కాదు, క్రిమి. ఇంగ్లండులో ఆరోగ్య శాఖ 2010లో వాడి పారేసే చేతితొడుగులు వేసుకోనిచ్చింది, కడుక్కునేటప్పుడు తీసేసి మళ్లీ కొత్తవి వేసుకోవాలి. మన దగ్గర గ్లవ్సులకే లెక్క చూస్తారు. పిల్ల రెండు రోజులు ఆలోచించి, మోచేతి దాకా చాలు అంది. వాళ్ల నానీమా వారం రోజులు అలిగింది.

కన్వీనర్ జాబితాలో ఆ ట్రస్టు కాలేజీయే వచ్చింది. ఇప్పుడు మూడో ఏడు. మొన్న ఆదివారం హాస్టల్‌కి వెళ్లి ముందు కేసు బుక్కు అడిగాను. “నువ్వు ఇన్‌స్పెక్షన్ కంటే ఘోరం ఖాలా” అని నవ్వుతూ ఇచ్చింది. కాన్పుల పేజీలో ఏడు సంతకాలున్నాయి. ఏడోది పోయిన గురువారం రాత్రి మూడింటికి. ఆ తల్లి బురఖాలో వచ్చిందట, మగ డాక్టరు వస్తాడేమోనని మంచం ఎక్కనని ఏడ్చిందట. మా పిల్ల ఉర్దూలో మాట్లాడితే ఎక్కిందట. ఆడపిల్ల, రెండు కిలోల ఎనిమిది వందలు.

ఇంకా పదమూడు చెయ్యాలి.