కువైట్‌లో ఒక గ్రీకు దీవి: షర్క్ నుంచి ఫైలకా దాకా

కువైట్ తీరానికి ఎదురుగా, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, ఒక గ్రీకు దీవి ఉంది. దాని పేరు ఫైలకా. దీవి అన్నా, ద్వీపం అన్నా ఒకటే: చుట్టూ నీళ్లున్న నేల. సుమారు 2300 ఏళ్ల కిందట గ్రీకులు ఈ దీవిలో కాపురం పెట్టారు. తమ దేశంలోని ఒక దీవి పేరే దీనికీ పెట్టుకున్నారు. ఆ పేరు ఇకారోస్.

సెలవులకు గ్రీసు దీవులకు వెళ్లేవాళ్లు తెల్లని ఇళ్లు, నీలం తలుపులు, ఆలివ్ తోటలు చూసి వస్తారు. ఫైలకాలో అవేవీ ఉండవు. ఇసుక, రాళ్లు, ఉప్పుగాలి, పాడుబడిన ఒక ఊరు ఉంటాయి. అయినా ఓడలెక్కి వెళ్లిన కూలీల మనవలు, మునిమనవలు అయిన మనం తప్పకుండా చూడవలసిన చోటు అది. ఎందుకో చెబుతాను. రెండు రోజులు ఉంటే చాలు. ఒక రోజు షర్క్‌కి, ఒక రోజు దీవికి.

మొదటి రోజు: షర్క్

షర్క్ అరబ్బీ మాట. తూర్పు అని అర్థం. పాత కువైట్ పట్నానికి ఇది తూర్పు పేట. చమురు బయటపడక ముందు ఇక్కడ నావికులు, ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్లు ఉండేవారు. వాళ్ల తెరచాప ఓడలు బస్రా ఖర్జూరాలు నింపుకుని బొంబాయికి, మలబారు తీరానికి వెళ్లేవి. తిరిగి వచ్చేటప్పుడు బియ్యం, బట్టలు, కలప తెచ్చేవి. ఆ ఓడలను కట్టింది కూడా మలబారు టేకుతోనే. 1961లో దినార్ వచ్చేదాకా కువైట్ బజారులో చెల్లింది రూపాయే. కాబట్టి షర్క్ రేవులో నిలబడితే మన దేశం మరీ దూరం అనిపించదు.

పొద్దున్నే చేపల బజారుకు వెళ్లండి. సూక్ షర్క్ అనే పెద్ద షాపింగ్ కేంద్రం పక్కనే సముద్రపు ఒడ్డున ఉంటుంది. దగ్గర్లోనే చెక్క పడవలు కట్టేసి ఉంటాయి. కువైట్ వాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైన చేప జుబైదీ. చూడగానే గుర్తుపడతారు. అది మన చందువే. పక్క గంపలో రుబియాన్ అంటే రొయ్యలు. పేర్లు మారాయి గానీ కూర మారలేదు.

తర్వాత సముద్రపు రోడ్డు వెంట నడవండి. తూర్పు కొసన కువైట్ టవర్లు కనిపిస్తాయి. 1979లో తెరిచారు. పెద్ద టవరు ఎత్తు 187 మీటర్లు. రోడ్డు వెంట పడమరగా వస్తే 1986లో తెరిచిన పెద్ద మసీదు, ఇంకా ముందుకు వెళితే జాతీయ మ్యూజియం వస్తాయి. ఎండ ఎక్కువగా ఉంటే నడవకండి, టాక్సీ ఎక్కండి.

నేను ఎక్కిన టాక్సీ డ్రైవరుది రాయచోటి. కడప, రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు కువైట్‌లో చాలామంది ఉన్నారు. నా తెలుగు విని ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

“తెలుగోళ్లేనా అక్కా? మాట యాసగా ఉండాదే.”

“మాది మారిషస్ అన్నా. మా ముత్తాతలు ఎప్పుడో ఓడలో వెళ్లారు.”

“మళ్లా రాలేదా?”

“రాలేదు. అక్కడే ఉండిపోయారు.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “మీ వాళ్లను ఉండనిచ్చినారు. మాకట్ల గాదక్కా. అకామా అయిపోతే పోవాల్సిందే. నేనొచ్చి తొమ్మిదేండ్లాయ. ఆ దీవికి ఒక్కతూరి గూడా పోలేదు. శుక్రారం ఒక్క రోజే సెలవ. ఇంటికి ఫోన్ జేసుకునేదానికే సరిపోతాది.”

అకామా అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి. గల్ఫ్‌లో పనిచేసే ప్రతి తెలుగువాడికీ తెలిసిన మాట. ఉండడం, ఉండనివ్వడం అనే రెండు మాటలు ఆ తర్వాత రెండు రోజులూ నా వెంటే వచ్చాయి.

రాతి మీద ఒక ఉత్తరం

దీవికి వెళ్లే ముందు జాతీయ మ్యూజియం చూడడం మంచిది. ఫైలకాలో తవ్వి తీసిన వస్తువులు అక్కడ ఉంటాయి. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు ఈ మ్యూజియాన్ని దోచుకుంది, తగలబెట్టింది. ఆ తర్వాత మళ్లీ నిలబెట్టారు.

అక్కడి గుండ్రటి ముద్రలు చూడండి. చిన్నవి, మెత్తని రాతితో చేసినవి. ఇవి గ్రీకులకన్నా చాలా పాతవి. సుమారు 4000 ఏళ్ల కిందట ఇక్కడ దిల్మున్ అనే రాజ్యం ఉండేది. దిల్మున్ వర్తకులు ఇటు సింధు లోయతోనూ అటు మెసపొటేమియాతోనూ వ్యాపారం చేసేవారు. సరుకు మూటల మీద మట్టి పెట్టి ఈ ముద్రలు నొక్కేవారు.

ఇక గ్రీకుల కథ. అలెగ్జాండర్ బాబిలోన్‌లో ఉన్నప్పుడు ఈ దీవి సంగతి విన్నాడని, దానికి ఇకారోస్ అని పేరు పెట్టమన్నాడని అరియన్ అనే పాత చరిత్రకారుడు రాశాడు. ఇకారోస్ అనేది గ్రీసు సముద్రంలో ఉన్న ఒక దీవి. ఇప్పుడు దాన్ని ఇకారియా అంటారు. మైనపు రెక్కలతో సూర్యుడి దగ్గరిదాకా ఎగిరి సముద్రంలో పడిపోయిన కుర్రవాడి పేరు అది. ఫైలకాలో అర్తెమిస్ దేవత గుడి ఉండేదని, చుట్టూ అడవి మేకలు, జింకలు భయం లేకుండా తిరిగేవని కూడా అరియన్ చెప్పాడు. దేవతకు బలి ఇవ్వడానికి తప్ప వాటిని ఎవరూ వేటాడకూడదట.

ఇది కథే అనుకోవచ్చు. కానీ 1937లో ఈ దీవిలో గ్రీకు అక్షరాలున్న ఒక రాయి దొరికింది. ఏథెన్స్‌కు చెందిన సొతెలెస్ అనేవాడూ కొందరు సైనికులూ తమ దేవతలకు మొక్కు చెల్లించినట్టు అందులో ఉంది. 1958లో డెన్మార్క్ నుంచి వచ్చిన బృందం తవ్వకాలు మొదలుపెట్టింది. 1960లో ఆ బృందానికి గుడి ముందు ఒక పెద్ద రాయి దొరికింది. దాని మీద నలభైకి పైగా వరుసలు ఉన్నాయి. కొన్ని అరిగిపోయాయి.

అది ఒక ఉత్తరం. రాజు తరఫున ఒక అధికారి రాశాడు. ఇకారోస్‌లో ఉండేవాళ్లకు రాజు ఏమేమి ఇస్తున్నాడో అందులో ఉంది. గుడిని వేరే చోటికి మార్చే మాట ఉంది. ఆటల పోటీల మాట ఉంది. పన్నుల మాట ఉంది. ఇక్కడ భూమి తీసుకుని సాగు చేసి చెట్లు నాటేవాళ్లకు ఆ భూమి వంశపారంపర్యంగా దక్కాలని ఉంది. వంశపారంపర్యంగా అంటే తండ్రి నుంచి బిడ్డకు, బిడ్డ నుంచి మనవడికి.

ఈ వాక్యం దగ్గర మనం ఆగాలి. దూరదేశంలో పని, ఒక కాగితం, ఆ కాగితం మీద భూమి. ఇది మన ఇళ్లలో వినని కథ కాదు. మద్రాసు నుంచి మొదటి ఓడ 1860 నవంబరు 16న నటాల్‌లోని డర్బన్ చేరింది. 1870లలో అక్కడ కొద్దిమందికి తిరుగు ఓడ ఖర్చుకు బదులు భూమి ఇచ్చారు. తర్వాత ఆ పద్ధతే ఆగిపోయింది. చాలామందికి భూమి రాలేదు. వాళ్లు చెమటోడ్చి కొనుక్కున్నారు. భూమి దొరికిన చోట గుడి కట్టారు, మామిడి చెట్టు నాటారు, ఉండిపోయారు.

రెండో రోజు: దీవి

ఫైలకా పడవలు షర్క్ నుంచి కాక సాల్మియా వైపు రేవు నుంచి బయలుదేరతాయి. షర్క్ నుంచి సాల్మియాకు టాక్సీలో వెళ్లవచ్చు. పడవ వేళలు కాలాన్ని బట్టి, గాలిని బట్టి మారతాయి. ముందు రోజే అడిగి తెలుసుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా వెళ్లడం మంచిది. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. టోపీ, నీళ్లు, మంచి చెప్పులు మరిచిపోవద్దు.

సెలవు గడపడానికి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా రేవు దగ్గరే ఉండిపోతాయి. అక్కడ విడిది గదులు, భోజనం, పిల్లలకు ఒంటె సవారీ ఉంటాయి. ఒడ్డున కూర్చుని తెచ్చుకున్న పులిహోర తింటుంటే హాయిగా ఉంటుంది. కానీ అక్కడితో ఆగకండి. దీవి పెద్దది, సుమారు 43 చదరపు కిలోమీటర్లు. బండి మాట్లాడుకుంటే నాలుగు చోట్లు చూడవచ్చు.

మొదటిది దిల్మున్ కాలపు ఇళ్ల పునాదులు. రెండోది వాటికి దగ్గర్లోనే ఉన్న గ్రీకుల కోట. నాలుగు వైపులా గోడలు, మూలల్లో బురుజులు, లోపల చిన్న గుడి. ఇప్పుడు మోకాలి ఎత్తు గోడలే మిగిలాయి. ఆ గుడి స్తంభాల గురించి తెలుసుకుంటే ముచ్చటేస్తుంది. పై భాగం గ్రీకు పద్ధతి, కింది పీఠం పర్షియా పద్ధతి. ఇంటి నుంచి తెచ్చుకున్నదీ, వచ్చిన చోట నేర్చుకున్నదీ ఒకే స్తంభంలో కలిశాయి. మన పెళ్లిళ్లలో తలంబ్రాలూ, భోజనాల్లో ఆ దేశపు వంటా కలిసినట్టే.

మూడోది దీవి నడుమ ఉన్న అల్ ఖుసూర్. అక్కడ పాత చర్చి ఒకటి బయటపడింది. గచ్చు మీద చెక్కిన శిలువలు దొరికాయి. ఒక చిన్న దీవిలో ఎందరు దేవుళ్లకు ఇల్లు దొరికిందో చూడండి.

నాలుగోది అల్ జోర్ ఊరు. ఇది పాత చరిత్ర కాదు. 1990 దాకా ఇక్కడ రెండు వేలమందికి పైగా ఉండేవారు. బడులు ఉండేవి, బ్యాంకు ఉండేది. ఇరాక్ సైన్యం వాళ్లందరినీ ఖాళీ చేయించింది. ఇళ్లను తుపాకీ గురికి వాడుకుంది. చుట్టూ మందుపాతరలు పెట్టింది. యుద్ధం ముగిశాక మందుపాతరలు తీసేశారు. ఊరివాళ్లకు ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. వాళ్లు కువైట్ పట్నం వైపు స్థిరపడ్డారు. ఊరు మాత్రం తిరిగి నిండలేదు. బ్యాంకు గోడల నిండా గుండ్ల గుంతలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్లు ఎవరివో వాళ్లు ఇంకా ఉన్నారు. కాబట్టి గట్టిగా నవ్వుతూ ఫొటోలు దిగే చోటు కాదు.

మిగిలేది ఏమిటి?

గ్రీకుల కోట కూడా కొన్ని తరాల తర్వాత ఖాళీ అయింది. భూమి వంశపారంపర్యంగా దక్కాలని రాతి మీద రాసినా వంశాలు నిలవలేదు. వాళ్ల భాష ఇప్పుడు ఆ దీవిలో ఎవరి ఇంట్లోనూ వినిపించదు. ఆ ఉత్తరం చదవడానికి పండితులు రావలసి వచ్చింది. ఫైలకా అనే పేరు కూడా గ్రీకు మాట నుంచే వచ్చిందని కొందరు అంటారు. అందరూ ఒప్పుకోరు.

మన పూర్వీకులకు ఎవరూ రాతి మీద ఉత్తరం రాయలేదు. ఓడ జాబితాల్లో వాళ్ల పేర్లు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా, ఇంగ్లీషు అక్షరాల్లో పడ్డాయి. అప్పన్న ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా ఉంటాడు. అయినా మన ఊళ్లలో ఉగాది జరుగుతోంది, రామ భజన వినిపిస్తోంది, ఆదివారం తెలుగు తరగతిలో పిల్లలు అ ఆలు దిద్దుతున్నారు. నటాల్‌లోనూ మారిషస్‌లోనూ మన వాళ్లు నిలిచింది భూమి కాగితం వల్ల మాత్రమే కాదు. ఇంట్లో మాట్లాడే మనుషులు ఉండడం వల్ల కూడా.

షర్క్‌లోని డ్రైవరన్నకు ఉండిపోయే హక్కు లేదు గానీ భాష నిండుగా ఉంది. మనకు ఉండిపోయే హక్కు ఉంది, భాషే పలచబడుతోంది. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర లేదు. అందుకే ఫైలకా వెళ్లేవాళ్లకు నాది ఒక్క సలహా. కోటా గుడీ చూడండి, ఒడ్డున పులిహోర తినండి, ఒంటె ఎక్కండి. కానీ టాక్సీ ఎక్కినప్పుడు ఇంగ్లీషులో మొదలుపెట్టకండి. “అన్నా, మీది ఏ ఊరు?” అని అడిగి చూడండి. మన యాస విని ఆయన నవ్వినా ఫరవాలేదు. జవాబు తెలుగులోనే వస్తుంది.