పగటి నిద్రకు ఒక గది



గోదావరిఖని, రామగుండం ప్రాంతాలలో సింగరేణి క్వార్టరు విడిచి సొంత ఇల్లు కట్టుకుంటున్న దంపతులు హాలులో టీవీ గోడనూ, ఫాల్స్ సీలింగు దీపాలనూ ఎంతో అభిరుచితో ఎంచుకుంటారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు ఎక్కడ నిద్రిస్తాడన్న ప్రశ్న మాత్రం ఇంటి ప్లానులో అరుదుగా కనిపిస్తుంది. ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలంలో రక్తపోటు, అజీర్తి, విసుగు అంటూ వచ్చిన కార్మికులను నేను మొదట అడిగినది నిద్ర గురించే.

ఉమ్మడి కుటుంబంలో ఆ నిద్రకు కాపలా ఉండేది. అవ్వ పిల్లలను వాకిట్లోకి తీసుకుపోయేది. తాత వచ్చినవారిని గడప దగ్గరే కూర్చోబెట్టేవాడు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు మాత్రమే ఉన్న నేటి ఇంటిలో ఆ కాపలాను ఇల్లే కాయాలి.

వెలుతురు కంటికి సోకగానే మన మెదడులోని గడియారం పగలైందని గుర్తిస్తుంది; నిద్రకు తోడ్పడే మెలటోనిన్ తగ్గుతుంది. ఈ జీవగడియారం పనితీరును విశదీకరించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం రాత్రి షిఫ్టు పనిని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అని 2007లోనూ, మళ్లీ 2019లోనూ వర్గీకరించింది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. షిఫ్టు కార్మికుని చేతిలో లేదు, గది ఉంది. నిద్ర చాలని మనిషికి గనిలోనో, ఓపెన్‌కాస్టులో డంపరు మీదనో ఒక్క కునుకు పట్టినా ప్రాణాపాయమే.

కనుక ఉత్తరం వైపు గదిని పడకగదిగా ఉంచండి. మే నెలలో 45 డిగ్రీల ఎండకు పడమటి గోడ మధ్యాహ్నం నుండి కాగుతుంది. టీవీ గోడ, వంటగది గోడ పడకగదికి ఆనుకొని ఉండరాదు. పిల్లలు చదువుకునే చోటు హాలుకు ఆవలి చివర ఉండాలి. కాలింగ్‌బెల్‌కు విడిగా ఒక స్విచ్చి పెట్టించండి.

కిటికీకి వెలుతురు చొరనివ్వని మందపాటి పరదా, బయటివైపు తెల్లని అస్తరుతో కుట్టించండి. అది ఇంట్లోనే ఉతకగలిగేదిగా ఉండాలి. బొగ్గు ధూళి పరదాలలో, తివాచీలలో, ఫాల్స్ సీలింగు అంచులలో పేరుకుంటుంది. అలమరలకు తలుపులుండాలి, నేలను ఊడ్చడం కంటే తడిగుడ్డతో తుడవడం మేలు. ఓపెన్‌కాస్టుకు దగ్గరి ఇళ్లు పేలుళ్లకు అదురుతాయి, అందుచేత మంచం తల వైపు గోడకు బరువైన అద్దాలు, చెక్కబల్లలు బిగించకండి. కొత్త ప్లైవుడ్ పనుల నుండి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. ఘాటైన వాసన పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచి, ఆ తరువాతే గదిలో పడుకోండి.

ఇవేవీ ఇంటి సొగసును తగ్గించవు. లేత రంగు గోడలు, తక్కువ సామాను, శుభ్రమైన నేల ఉన్న గది కంటికీ హాయినిస్తుంది. రాత్రి విధులు చేసే నర్సులకూ, విద్యుత్ కేంద్రం ఉద్యోగులకూ ఇదే వర్తిస్తుంది.

వడ్రంగికి బయానా ఇచ్చే ముందు ఒక పని చేయండి. ఉదయం పది గంటలకు ఆ గదిలో తలుపులు మూసి, కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, అరచేయి చూసుకోండి. గీతలు స్పష్టంగా కనిపిస్తే గదిలోకి ఇంకా వెలుతురు వస్తున్నట్టే. అది ఏ సందు నుండి వస్తోందో గుర్తుపెట్టి వడ్రంగికి చూపించండి.