ఫారం ముందా, కేసు ముందా?

హైదరాబాద్,
శనివారం రాత్రి

వాసంతీ,

చలి గురించి రెండు పేజీలు, ఉద్యోగం గురించి రెండు లైన్లు రాస్తే ఎలాగే? కోపెన్‌హాగన్‌లో మున్సిపాలిటీల కేసుల సాఫ్ట్‌వేర్ కట్టే బృందంలో నిన్ను వేశారనీ, ఫారాలు ఎలాగైనా మారొచ్చు గానీ చట్టం మాత్రం తప్పకూడదని షరతు పెట్టారనీ రాశావు. దీని వెనక సిద్ధాంతం ఏమిటి, ముందు ఏం చదవాలి అని అడిగావు. నాకు తోచింది రాస్తున్నాను. కొంత నా పక్షపాతం ఉంటుంది, నువ్వే సర్దుకో.

పనుల దారులను బొమ్మగా గీసే పెట్రి నెట్‌ల దగ్గర ఎక్కువసేపు ఆగకు. కార్ల్ ఆడం పెట్రి 1962 నాటి పరిశోధన గ్రంథంలో వేసిన పునాది అది. నెదర్లాండ్స్‌కు చెందిన విల్ వాన్ డెర్ ఆల్స్ట్ 1990లలో దాన్ని ఆఫీసు పనులకు అన్వయించాడు. మొదలైన కేసు ముగింపుకు చేరగలదా, నడుమ ఎక్కడైనా ఇరుక్కుంటుందా అనేది లెక్కగట్టి నిరూపించవచ్చు. గణితం ముచ్చటగానే ఉంటుంది. కానీ బొమ్మలో గీయని దారి ఆ ప్రపంచంలో లేనట్టే. ఎప్పుడూ ఒకేలా సాగే పనులకు అది చాలు. పిల్లల సంరక్షణ తగాదా నడుస్తుండగా మధ్యలో ఇల్లు మారి, ఉద్యోగం పోయి, సాయం కోసం వచ్చిన మనిషి దరఖాస్తుకు ఎంతమాత్రం చాలదు.

ఆ చట్రం ఇరుకని చెప్పినవాళ్లలో ఆల్స్ట్ కూడా ఉండటం విశేషం. మథియాస్ వెస్కే, డాల్ఫ్ గ్రూన్‌బౌవర్‌లతో కలిసి 2005లో ‘కేస్ హ్యాండ్లింగ్’ మీద ఒక వ్యాసం రాశాడు. నువ్వు ముందు చదవాల్సింది అదే. అందులో మూలమైన మాట ఒకటుంది: తర్వాత ఏం చేయొచ్చన్నది ఇంతకుముందు ఏ పని ముగిసిందన్న దాన్నిబట్టి కాదు, కేసులో ఏ సమాచారం చేరిందన్న దాన్నిబట్టి తేలాలి. ఫారం కేసులోకి చూసే కిటికీ మాత్రమే, సమాచారానికి యజమాని కేసే. కొన్ని వివరాలను ఎప్పుడైనా నింపొచ్చు, దిద్దొచ్చు. కొన్ని నిండనిదే ఫలానా పని ముగిసినట్టు కాదు. మరికొన్నింటిని ఫలానా పనిలో తప్ప ముట్టుకోకూడదు. ఒక పనికి కావలసినవన్నీ వేరే ఫారంలో ముందే నిండిపోతే ఆ పని దానంతటదే ముగిసినట్టు లెక్క, మళ్లీ ఎవరూ నొక్కక్కర్లేదు. పని చేసే హక్కు, తిరగచేసే హక్కు, దాటవేసే హక్కు వేర్వేరు మనుషులకు ఇవ్వొచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చింది, పనిచేసేవాడికి తన ముక్క మాత్రమే కాకుండా కేసంతా కనపడాలనే పట్టుదల.

ఇదంతా మీ నాన్నగారికి చెబితే ఇందులో కొత్తేముందని నవ్వుతారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి మన కచేరీలకు వారసత్వంగా వచ్చిన టాటెన్‌హామ్ పద్ధతిలో ఆయన ఉద్యోగమంతా గడిపారు కదా. వచ్చిన కాగితాలు కరెంట్ ఫైల్లో, వాటి మీద అభిప్రాయాలు నోట్ ఫైల్లో. తపాలు రాగానే కరెంటు నంబరు పడేది, గుమాస్తా పర్సనల్ రిజిస్టర్లోకి ఎక్కేది. ముగిసిన ఫైలును ఆర్.డిస్. అంటే శాశ్వతంగా, డి.డిస్. అంటే పదేళ్లు, కె.డిస్. అంటే మూడేళ్లు, ఎల్.డిస్. అంటే ఒక ఏడాది దాచేవారు. ఏ అధికారి చేతికి వెళ్లినా కట్ట మొత్తం వెళ్లేది. ముందే ఊహించని సంగతి వస్తే దానికి గడి లేదని వెనక్కి పంపనక్కర్లేదు, నోట్ రాసి పైకి పెట్టేవారు. ఆ నోట్ ఫైలు చలవతోనే ఎంత వంకర కేసైనా ఆ కచేరీలో ఇమిడేది.

అలాగని పాత కచేరీని నెత్తిన పెట్టుకోలేను. ఏమైనా రాయగలిగిన చోట ఏమీ రాయకుండా నెలల తరబడి ఆపడమూ వీలయ్యేది, బల్ల కింద చెయ్యి చాపడమూ వీలయ్యేది. ఆ విచక్షణను కత్తిరించాలనే మనవాళ్లు పోర్టళ్ల వైపు మళ్లారు. తెలంగాణలో 2020 అక్టోబరు 29న మొదలైన భూముల పోర్టల్ ధరణినే చూడు. లావాదేవీకో మాడ్యూల్ పెట్టారు. స్లాట్ బుక్ చేసుకుని, తగాదా లేని భూమి అమ్ముకున్నవాళ్లకు రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే చోట జరిగిపోయాయి. చిక్కల్లా పేరు తప్పుపడినవాళ్లకు, విస్తీర్ణం తగ్గిపోయినవాళ్లకు వచ్చింది. మాడ్యూల్ లేని సమస్యకు దరఖాస్తే లేదు. తర్వాత ఒక్కొక్కటే చేర్చారు. పాస్‌బుక్కు సవరణల కోసం వచ్చిన టీఎం 33 పేరు రైతుల నోళ్లలో ఎంతగా నానిందో నీకు తెలుసు. నా ఉద్దేశంలో ఆ లోపం ఫారాల సంఖ్యది కాదు, ఇంకో యాభై పెట్టినా యాభై ఒకటో రకం మనిషి వస్తాడు. ఫారంతోనే కేసు పుడుతుందనుకోవడంలో ఉంది తిరకాసు.

విచక్షణ ఉండాలి, దానికి హద్దూ ఉండాలి. ఆ రెంటినీ కలిపే సిద్ధాంతం నువ్వున్న ఊళ్లోనే పుట్టింది. కోపెన్‌హాగన్ ఐటీ విశ్వవిద్యాలయంలో థామస్ హిల్డెబ్రాంట్, రాఘవరావు ముక్కామల కలిసి 2010 ప్రాంతంలో డీసీఆర్ గ్రాఫ్‌లను ప్రతిపాదించారు. (ఆ ఇంటిపేరు వినగానే నాకు కోనసీమ గుర్తొస్తే తప్పు నాది కాదు.) ఇందులో దారి గీయరు, నియమాలు మాత్రమే చెబుతారు. విచారణ నివేదిక రానిదే ఉత్తర్వు వేయకూడదు, ఇది షరతు. అభ్యంతరం వస్తే ఎప్పటికైనా జవాబు ఇచ్చి తీరాలి, ఇది బాకీ. దరఖాస్తుదారు ఒక కోరికను వెనక్కి తీసుకుంటే దాని మీది విచారణను ఆటలోంచి తీసేయి, మళ్లీ అడిగితే మళ్లీ చేర్చు. నియమం అడ్డుపడని పనిని ఏ వరుసలోనైనా చేయొచ్చు. తీసేసిన పని ఇక ఎవరికీ అడ్డుపడదు. మిగిలినవాటిలో బాకీ ఏదీ లేకపోతే కేసు ముగించడానికి అర్హం. సూత్రాలు చూసి జడుసుకోకు, సాయంత్రం కూర్చుంటే పట్టుబడతాయి.

దీని అసలు బలం చట్టం నడుమలో మారినప్పుడు తెలుస్తుంది. బాణాల బొమ్మలో నడిమధ్య నిలబడ్డ కేసుకు కొత్త బొమ్మలో చోటే ఉండకపోవచ్చు. ఇక్కడ మాత్రం ఏం జరిగింది, ఏం బాకీ ఉంది, ఏది ఆటలో ఉంది అన్నదే గుర్తుంచుకుంటాం కాబట్టి, కొత్త నియమాన్ని పాతవాటి పక్కన చేర్చవచ్చు. మన దగ్గరే చూడు, 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, దాని చట్టం అప్పీలుకు చోటిచ్చింది. అప్పటికే నడుస్తున్న వివాదాలకు కొత్త మెట్లు వచ్చి చేరాయి. ఇలాంటి మార్పును తట్టుకోవడం ముందే ఆలోచించాల్సిన పని.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఐబీఎం వాళ్లు 2003లో ‘బిజినెస్ ఆర్టిఫాక్ట్’ అని సమాచారాన్నే నాయకుణ్ణి చేశారు. అందులోంచి గార్డ్, స్టేజ్, మైల్‌స్టోన్ నమూనా వచ్చింది. ఆ ఆలోచనల ప్రభావంతోనే 2014లో కేసులను బొమ్మగా గీసే సీఎంఎంఎన్ ప్రమాణం వెలువడింది. ఐచ్ఛిక పనులను చుక్కల గీతతో చూపించడం దాంట్లో బాగుంటుంది, బొమ్మ పెద్దదైతే మాత్రం నాకు తల తిరుగుతుంది. చదువు, కానీ దాని మీద పందెం కట్టకు.

డీసీఆర్‌కూ ఒక పెద్ద లోటుంది. నియమాలు నలభై దాటాక అవన్నీ కలిసి ఏం చేస్తున్నాయో రాసినవాళ్లకే అర్థం కాదు. ఆఫీసులో కూర్చున్న మనిషికి బూడిదరంగు బటన్ ఒక్కటే కనిపిస్తుంది. కారణం చెప్పని బటన్ కన్నా గదమాయించే గుమాస్తాయే నయం, ఆయన్ను కనీసం ఎందుకని అడగొచ్చు.

అందుకని నాదొక కోరిక. మీ బృందంలో మొదటి తెర గీసే రోజునే రెండింటికి పట్టుబట్టు. ఏ పని ఆగినా, ఏ నియమం వల్ల ఆగిందో మామూలు మాటల్లో పక్కనే కనపడాలి. ప్రతి కేసులోనూ, గడులకు అందని సంగతి రాసుకోవడానికి ఒక నోట్ ఉండాలి, ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చెరగకుండా. వాళ్లు ఒప్పుకున్నారో లేదో వెంటనే రాయి. ఒప్పుకోకపోతే ఏం కారణం చెప్పారో అది తప్పకుండా రాయి.

నీ
సుజాత