జల్‌పల్లి చెరువు మీద మునిమాపు

పొద్దు వాలే వేళ మీరెప్పుడైనా చెరువుకట్ట మీద నిలబడి ఆకాశం చూశారా? గత ఆదివారం జల్‌పల్లి చెరువు కట్టపై మేము పన్నెండుగురం నిలబడ్డాము. మమ్మల్ని తీసుకువెళ్ళిన యువకుడు జంతుశాస్త్ర విద్యార్థి. పాత గోడలోని ఒక పగులు చూపించి, "మాట్లాడకుండా చూస్తూ ఉండండి" అన్నాడు.

సూర్యుడు కుంగిన పావుగంటకు ఆ పగులులోంచి ఒకటి జారింది. వెనుక రెండు. ఆపై లెక్క తప్పింది. బొటనవేలంత దేహం గల గబ్బిలాలు! మన చెవికి అందని వాటి కేకలను యువకుని చేతిలోని పరికరం టకటకలుగా వినిపించింది. పురుగు చేరువైనప్పుడల్లా ఆ టకటకలు కలిసిపోయి గుర్రుమనేవి. (ఒక్కో గబ్బిలం గంటకు వెయ్యి దోమలు తింటుందనే వాట్సాప్ లెక్కను మాత్రం నమ్మకండి. అది ప్రయోగశాలలో కొద్ది నిమిషాలు చూసి హెచ్చవేసిన అంకె.)

తరువాత పండ్లు తినే పెద్దవి వచ్చాయి. ఒకటి నీటికి రొమ్ము తాకించి లేచింది. చెట్టుకు చేరాక ఆ తడి బొచ్చు నాకి దాహం తీర్చుకుంటుందట.

అప్పుడు నాకొక పాత తప్పు గుర్తుకు వచ్చింది. 2018 మే నెలలో కోజికోడ్‌లో నిఫా ప్రబలినప్పుడు మా వీధి పెద్దాయన ఒకరు, తమ రావిచెట్టు నిండా గబ్బిలాలున్నాయని, ఏం చేయమంటారని అడిగారు. "కొట్టించేయండి" అన్నాను. వైద్యుని మాట కదా, వారంలో చెట్టు లేదు.

ఈ పెద్ద గబ్బిలాలలో నిఫా వైరస్ ఉండవచ్చు, నిజమే. కాని చెట్టు కింద నడిచినంత మాత్రాన అది మనకు అంటదు. బంగ్లాదేశ్‌లో ఎక్కువగా పచ్చి ఖర్జూరరసం ద్వారా సోకింది. రాత్రివేళ కుండల దగ్గర గబ్బిలాలు ఆ రసం నాకుతాయి, అందులోనే మూత్రం విడుస్తాయి. కోజికోడ్‌లోనైతే అత్యధికులకు సోకింది ఆసుపత్రులలో, రోగుల నుంచే. మనది కల్లు తాగే ప్రాంతం కనుక చెబుతున్నాను: రాత్రంతా మూత లేకుండా ఉన్న కుండలోని కల్లు, నీరా ముట్టకండి. కొరికిన జామపండు ఎంత తియ్యనిదైనా పారవేయండి. నేలపై పడిన గబ్బిలాన్ని వట్టి చేతితో తీయకండి. కరిస్తే సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే రేబీస్ టీకాకు వెళ్ళండి.

1972 నాటి వన్యప్రాణి చట్టం పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలు, కాకులతో పాటు హానికర జంతువుల జాబితాలో చేర్చింది. 2022 సవరణలో ఆ జాబితానే తీసివేశారు. నా అభిప్రాయం మారడానికి కూడా దాదాపు అంత కాలమే పట్టింది.

ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. తిరిగి వస్తూ వారి ఇంటి ముందు ఆగి, మళ్ళీ ఒక రావిమొక్క నాటమని వారి అబ్బాయిని అడిగాను. "గోడలు పగులుతాయి డాక్టరుగారూ" అన్నాడు. కానుగ అయితే సరేనన్నాడు.